పర్లాకిమిడి వీధి బ్యాండు మళ్లీ ఊదిన వైనం: ఒక కేస్ స్టడీ

కరోనా తర్వాత బ్యాండు మేళాలు మళ్లీ ఎందుకు లేవలేదని అడిగితే మన లైనులో అందరూ రెండు మాటలే చెబుతారు. ఊపిరితిత్తులు పాడయ్యాయని ఒకటి, డీజేలు వచ్చి పొట్ట కొట్టాయని ఇంకొకటి. రెండూ అబద్ధం కాదు. అయితే పర్లాకిమిడిలో నేను పనిచేసిన ఒక వీధి బ్యాండు విషయంలో అసలు చిక్కు వేరే చోట ఉంది. ఊరేగింపులో ఎవరు ఎంతసేపు ఊదాలి, దానికి ఎవరి వాటా ఎంత అన్న రెండు లెక్కలు తేలేదాకా ఎంత సాధన చేయించినా ఆ బ్యాండు నిలబడలేదు.

నాది ఒడిశాలోని బ్రహ్మపురం (బరంపురం). ఇత్తడి వాయిద్యాల రిపేరు, చిన్న బ్యాండ్లకు ట్రైనింగు నా బతుకుతెరువు. 2021 కార్తీకంలో ఈ బ్యాండు సంఘం పెద్ద ఫోన్ చేసి రమ్మన్నారు. 2022 రథయాత్ర దాకా వాళ్లతో పనిచేశాను, తర్వాత కూడా రాకపోకలు ఉన్నాయి. ఇదే పనిలో ఉన్న తోటి మాస్టర్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. బ్యాండు పేరు, మనుషుల పేర్లు మాత్రం రాయను. అలాగని వాళ్లకు మాటిచ్చాను.

బ్యాండు ఎలాంటిది

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, చుట్టాలు ఇటు ఉండిపోయారు. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు కదా, తెలుగుకు ఇక్కడ కొదవ లేదు. ఈ వీధిలో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పెళ్లి పందిట్లో రెండూ నడుస్తాయి. బ్యాండుకు వచ్చే బేరాల్లో సగానికి పైగా పాతపట్నం, మెళియాపుట్టి, హిరమండలం, టెక్కలి వైపు నుంచే.

ఇది ఓనరు బ్యాండు కాదు. వీధి సంఘం చందాలేసి కొన్న వాయిద్యాలు. చాలావరకు మీరట్ జలీ కోఠీ సరుకు. మన దేశంలో బ్యాండు వాయిద్యాల తయారీకి అదే పెద్ద అడ్డా అని ఈ లైనులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. వాయిద్యం సంఘానిది, వాయించేవాడు వీధివాడు. వచ్చిన డబ్బులో వ్యాను, భోజనాలు, యూనిఫారాల ఖర్చు పోగా మిగిలింది వాటాలు. పెద్ద ట్రంపెట్టుకు, అంటే ట్రంపెట్లలో పెద్ద స్థానంలో ఊదే ఆయనకు, రెండు వాటాలు, మిగతా ఊదేవాళ్లకు ఒకటిన్నర, డ్రమ్ములవాళ్లకు ఒకటి. ఇది తాతల నాటి లెక్క. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతోనే పని.

కరోనాకు ముందు 16 మంది. ట్రంపెట్లు 5, క్లారినెట్లు 3, యూఫోనియంలు (కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి వాయిద్యం) 2, ఆల్టో సాక్సొఫోన్ 1, డ్రమ్ములు, తాసా (పుల్లలతో కొట్టే గిన్నె డ్రమ్ము) కలిపి 5. నేను వెళ్లేసరికి 11 మంది మిగిలారు. ఒక యూఫోనియం, ఒక క్లారినెట్ వాయించే ఇద్దరూ రెండో వేవులో పోయారు. ట్రంపెట్లలో ఒకతను చెన్నైలో కట్టుబడి పనికి వెళ్లిపోయాడు, ఒకతను ఆటో కొనుక్కున్నాడు. ఇంకో క్లారినెట్ ఆయన ఇక నాకొద్దని వాయిద్యం సంఘానికి అప్పజెప్పేశాడు. డ్రమ్ములవాళ్లు అయిదుగురూ ఉన్నారు. ఊదేవాళ్లు ఆరుగురే.

2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్. మే నెలలో పెళ్లికి 50 మంది మించకూడదన్నారు. 50 మందిలో 16 మంది బ్యాండే అయితే పెళ్లివాళ్లు ఎక్కడ కూర్చుంటారు? పైగా సరిహద్దులో చెక్‌పోస్టులు పడ్డాయి. కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం ఒక్కసారిగా పరాయి దేశమైపోయింది. ఆ ఏడు సుప్రీంకోర్టు రథయాత్రను ఒక్క పూరీలోనే, అదీ భక్తులు లేకుండా జరపమంది. 2021లోనూ అంతే. మధ్యలో కాస్త తెరిపి ఇచ్చిందనుకుని వైశాఖం ముహూర్తాలకు అడ్వాన్సులు తీసుకుంటే, 2021 మే 5 నుంచి ఒడిశా అంతా మళ్లీ లాక్‌డౌన్. ఆ అడ్వాన్సులు తిరిగి ఇవ్వడానికి సంఘం అప్పు చేసింది. నన్ను పిలిచే నాటికి ఆ అప్పు ఇంకా తీరలేదు.

ఊపిరా, పెదవా?

సంఘం పెద్ద ఫోన్లో చెప్పిన మాట ఇది: "అందరికీ దమ్ము పోయింది మాస్టారూ. ఊదితే గాలొస్తంది గానీ సొరం రాట్లేదు." వెళ్లి చూస్తే అందరి కథా ఒకటి కాదు.

మొదటి రోజు ఎవరి చేతికీ వాయిద్యం ఇవ్వలేదు. ఎవరెవరికి కరోనా వచ్చింది, ఎవరికి ఆక్సిజన్ పెట్టారు, మేడ ఎక్కితే ఆయాసం వస్తోందా, గుండెలో దడ ఉందా అని అడిగాను. తర్వాత వేలికి ఆక్సీమీటర్ పెట్టి ఒక నిమిషం పాటు కుర్చీలో లేచి కూర్చోవడం చేయించాను. ఆక్సిజన్ 3 పాయింట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే ఆ మనిషిని డాక్టరుకు చూపించకుండా ఊదనివ్వకూడదు. ఇద్దరికి పడింది. ఒకరు పెద్ద ట్రంపెట్టు, ఒకరు తాసా. ఇద్దరినీ బ్రహ్మపురంలో ఛాతీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. తాసా అతనికి రక్తం తక్కువని తేలింది, మందులు వాడితే సరిపోయింది. పెద్ద ట్రంపెట్టుకు స్పైరోమెట్రీ, అంటే ఊపిరి కొలిచే పరీక్ష చేశారు. ఊపిరితిత్తులు కొంత బిగుసుకుపోయాయి, ఊదవచ్చు గానీ ఆయాసం వచ్చేదాకా లాగకూడదు, ఎక్కువసేపు ఆపకుండా ఊదకూడదు అన్నారు డాక్టరు గారు. మాట తేలిగ్గానే ఉంది. మూడు గంటలు నడుస్తూ ఊదే పెళ్లి ఊరేగింపులో దాన్ని పాటించడమే కష్టం.

మిగతా అయిదుగురి సంగతి తేల్చడానికి నేను వాడే పద్ధతి చాలా చిన్నది. ముందు వాయిద్యం లేకుండా నిండా గాలి పీల్చి పళ్ల సందులోంచి ‘స్స్‌స్‌’ అని సన్నగా వదలమంటాను, గడియారం చూస్తాను. కాసేపు ఆగి అదే మనిషిని తన వాయిద్యం మీద ఒక మధ్య స్వరం, ట్రంపెట్ అయితే మధ్య ‘జీ’, ఒకే బలంతో పట్టి ఉంచమంటాను. రెండూ చప్పున ఆగిపోతే సమస్య గాలిది. గాలి బాగా నిలిచి, స్వరం మాత్రం విరిగిపోతే సమస్య పెదవిది. ఇక్కడ నలుగురికి ‘స్స్‌’ పాతిక సెకన్లు దాటింది, స్వరం మాత్రం ఏడెనిమిది సెకన్లకే వణికి పోయింది. అంటే వీళ్లకు దమ్ము పోలేదు, పెదవి పోయింది. రెండేళ్లు మౌత్‌పీసు ముట్టకపోతే పెదవి చుట్టూ ఉండే కండ సడలిపోతుంది. కరోనా రానివాడికి కూడా అలాగే అవుతుంది.

ఈ తేడా చెప్పగానే వాళ్ల మొహాల్లో వచ్చిన మార్పు చూడాల్సిందే. రెండేళ్లుగా ప్రతివాడూ తన ఊపిరితిత్తులు పనికిరాకుండా పోయాయని లోపల్లోపల టెన్షన్ పడుతున్నాడు. సాక్సొఫోన్ కుర్రాడైతే ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు సిటీ స్కాన్ తీయించుకున్నాడట, రిపోర్టు బాగానే ఉన్నా నమ్మలేదు.

అయిదో మనిషి యూఫోనియం. ఆయనది గాలీ కాదు, పెదవీ కాదు, పన్ను. మన గంజాం, గజపతి వైపు గుడాఖు అలవాటు ఎంత ఉందో తెలిసిందే. పొగాకు ముద్దతో పొద్దున్నే చిగుళ్లు రుద్దుకోవడం. పనిలేని రోజుల్లో అది పూటకోసారి అయింది. పై ముందు పన్ను కదులుతోంది. మౌత్‌పీసు ఆనితే నొప్పి, అందుకని పక్కకు జరిపి ఊదుతున్నాడు, స్వరం చీలుతోంది. పళ్ల డాక్టరు చిగుళ్లు శుభ్రం చేసి, పన్ను పక్కవాటితో కలిపి కట్టారు. గుడాఖు మానేశాడా అంటే, నా ముందు మానేశాడు.

సాధన

బ్యాండు మాస్టర్లలో ఒక దురలవాటు ఉంది. పాత ఆటగాళ్లు తిరిగి రాగానే జనానికి తెలిసిన పాట ఎత్తించేస్తారు. ఉత్సాహం కోసమంటారు. పెదవి సడలినవాడు పాట ఎత్తితే పై స్వరం దగ్గర మౌత్‌పీసును పళ్లకేసి నొక్కుతాడు, ఎందుకంటే కండ చెయ్యలేని పని నొక్కుడుతో చెయ్యాలని చూస్తాడు. అలా నొక్కితే పెదవికి రక్తం ఆడదు, వాపు వస్తుంది, మర్నాడు అసలు ఊదలేడు. అందుకే మొదటి నెల పాటలు లేవు. వట్టి మౌత్‌పీసు మీద తుమ్మెద శబ్దం, తర్వాత కింది స్వరాల్లో పొడుగు పట్లు, అంటే ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టి ఉంచడం. ఎంతసేపు ఊదితే అంతసేపు ఆగడం. రోజుకు రెండు పూటలు, పూటకు పావుగంట మించకుండా. పొడుగు పట్టులో స్వరం సన్నగా మొదలై, మధ్యలో నిండి, మళ్లీ సన్నబడాలి. గాలి ‘హుస్సు’మని ముందు రాకూడదు.

2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చి అందరూ ఒకచోట కూర్చోవడం ఆగిపోయింది. అప్పుడు వాట్సాప్ పనికొచ్చింది. ప్రతి మనిషీ రాత్రి ఒక పొడుగు పట్టు రికార్డు చేసి పంపాలి, అంతే. మాటలు వద్దన్నాను. వినగానే ఎవరి పెదవి ఎక్కడుందో తెలిసిపోతుంది. సంక్రాంతి నాడు మాత్రం ఎవరో పూర్తిగా ఒక భజన ఊది పంపారు, తిట్టబుద్ధి కాలేదు.

వైరస్ భయం గురించి రెండు మాటలు. 2020లో అమెరికాలో కొలరాడో, మేరీలాండ్ యూనివర్సిటీల పరిశోధకులు ఊదే వాయిద్యాల నుంచి తుంపరలు ఎలా వస్తాయో కొలిచి చూశారు. వాయిద్యం చివర గంటలా విచ్చుకునే మూతికి వడపోత గుడ్డ తొడగడం, మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం, గదిలో అరగంటకు మించి ఊదకుండా ఆపి గాలి మారనివ్వడం, వాయిద్యంలో చేరిన నీళ్లు నేల మీద వదలకుండా పట్టడం వాళ్ల సలహాల్లో ఉన్నాయి. వీధి టైలరు చేత పొరల గుడ్డతో తొడుగులు కుట్టించాం, గుండ్రంగా, అంచుకు ఎలాస్టిక్ వేసి. స్వరం కొద్దిగా మూసుకుపోయింది గానీ సాధనకు ఇబ్బంది లేదు. గదిలో కాకుండా రామమందిరం ఎదురుగా ఆరుబయట కూర్చున్నాం కాబట్టి తొడుగుల కంటే నీళ్ల సంగతే ముఖ్యం అనిపించింది. ప్రతివాడి పక్కనా ఒక మగ్గు, అందులో కాస్త బ్లీచింగ్ పౌడరు నీళ్లు. నీటి మీట నొక్కితే అందులోకే. ఇంతకు ముందు పక్కవాడి కాళ్ల మీదికి వదిలేవారు. ఈ ఒక్క అలవాటు కరోనా పోయాక కూడా మిగిలింది, నాకు సంతోషం.

వాయిద్యాల సంగతి

సంఘం గదిలో రెండు వర్షాకాలాలు తాళం వేసి ఉంచిన పెట్టెలు తెరిచినప్పుడు వచ్చిన వాసన వర్ణించను. క్లారినెట్ల ప్యాడ్లు (రంధ్రాలు మూసే మెత్తలు) బూజు పట్టి పురుగు కొట్టేశాయి. ఇత్తడి అంతా ఆకుపచ్చ చిలుము. ట్రంపెట్లు అయిదింటిలో మూడింటికి పిస్టన్లు (వేలితో నొక్కే మీటలు) కదల్లేదు, ఒకదానికి మౌత్‌పీసే ఊడిరాలేదు.

పిస్టన్లు బిగుసుకుపోవడానికి చిలుము ఒక్కటే కారణం కాదు. కొబ్బరినూనె. మన వైపు చాలా బ్యాండ్లలో వాల్వు ఆయిలు (పిస్టన్లకు వేసే పలచటి నూనె) కొనడం దండగని కొబ్బరినూనె చుక్క వేస్తారు. వేసిన రోజు బాగానే ఆడుతుంది. చలికాలం వచ్చేసరికి అది పేరుకుంటుంది, దుమ్ము పడితే జిగురవుతుంది. రెండేళ్లు కదపకుండా ఉంచితే లోపల వార్నిష్ పూసినట్టే. కుట్టు మిషను నూనె దానికంటే నయమే కానీ అదీ చిక్కనే. కిరసనాయిలు వేసినవాళ్లు మాత్రం ఈ విషయంలో తప్పించుకున్నారు, వాసన వాళ్లే భరించారు.

ఊడదీసే పని ఓపికతో చెయ్యాలి. పిస్టన్ పైమూత, కిందిమూత తీసి, కింది నుంచి పలచటి నూనె పోసి ఒక రాత్రి వదిలేశాను. మర్నాడు చెక్క సుత్తితో కేసింగు (పిస్టన్ ఉండే గొట్టం) పక్కన తట్టాలి, పిస్టన్ మీద కొట్టకూడదు. కట్టింగ్ ప్లయరు పెట్టి లాగడం అసలే వద్దు. అలా లాగి వంకర పోగొట్టుకున్న పిస్టన్లు నా షాపులో డబ్బా నిండా ఉన్నాయి. తీసిన ప్రతి పిస్టన్‌నూ దాని నంబరు చూసి అదే గదిలో పెట్టాలి. ఒకటీ రెండూ తారుమారైతే గాలి దారి మూసుకుపోయి ట్రంపెట్ మూగబోతుంది. అది చూసి వాయిద్యం చచ్చిపోయిందని పాతసామాన్ల వాడికి అమ్మేసినవాళ్లు కూడా నాకు తెలుసు.

శుభ్రం చేసేటప్పుడు చింతపండు గొడవ వచ్చింది. ఇంట్లో ఆడవాళ్లు ప్రేమగా ఒక యూఫోనియాన్ని చింతపండు, ఉప్పు పెట్టి తోమేశారు. బిందె కంటే బాగా మెరిసింది. పై లక్క పూత మొత్తం పోయింది, కీళ్ల దగ్గర పులుపు ఊరి మిగిలిపోయింది. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు నీళ్లు, పొడుగాటి మెత్తని బ్రష్షు చాలు. నీళ్లు వేడిగా ఉంటే కూడా పూత లేచిపోతుంది. పిస్టన్లకు బ్రాస్సో లాంటి పాలిష్ తగలనివ్వకూడదు, అరిగిపోతే గాలి పక్కలకు కారిపోతుంది.

ఒక ట్రంపెట్టు నోటి గొట్టం మీద గులాబీ రంగు మచ్చలు కనిపించాయి. అవి పైపై మచ్చలు కావు. ఇత్తడంటే రాగి, జింకు. ఉమ్మి తడి లోపల నిలిచిపోతే జింకు కరిగిపోయి రాగి మాత్రం మిగులుతుంది, గొట్టం లోపలి నుంచి తినేసుకుంటూ వస్తుంది. దానికి వైద్యం లేదు, గొట్టం మార్చాలి. ఆ ట్రంపెట్టును పక్కన పెట్టి దాని పిస్టన్ స్ప్రింగులు, మూతలు వేరే వాటికి వాడాం.

వేళ్లు ఆనే గుండీల్లో ముత్యపుచిప్ప బిళ్లలు కొన్ని రాలిపోయాయి. మీరట్ నుంచి తెప్పించడం ఎందుకని సంఘం పెద్ద ఒక కొమ్ము పనివాడిని పిలిచారు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు పేరున్న ఊరు. ఆయన బిళ్ల ఎంత ఉండాలో వేలితోనే కొలిచి, కొమ్ము ముక్కను అరగదీసి, మధ్యలో కొద్దిగా గుంట వచ్చేలా చేసి అతికించాడు. చెమట పట్టినా వేలు జారదు. చిప్ప బిళ్లల కంటే ఇవే బాగున్నాయి. నా రిపేరు పనుల్లోకి కూడా ఆయన దగ్గరే చేయించుకుంటున్నాను ఇప్పుడు.

పాటను పంచడం

మాఘం ముహూర్తాలకే బేరాలు ఒప్పుకుంటామని సంఘంలో కొందరు పట్టుబట్టారు. అప్పు ఉంది కదా. వైశాఖం దాకా ఆగమన్నాను. ఆరుగురు ఊదేవాళ్లు, అందులో ఒకరికి ఊపిరి సగం. పాత పద్ధతిలో వాయిస్తే వీధి మలుపు కూడా దాటలేరు.

పాత పద్ధతి అంటే తెలిసిందే. మన పెళ్లి బ్యాండ్లలో అందరూ ఒకే వరుస ఊదుతారు. పల్లవి అందరిదీ, చరణం అందరిదీ. చప్పుడు నిండుగా ఉంటుంది, తప్పులు కప్పబడిపోతాయి. 11 మంది ఊదేవాళ్లు ఉన్నప్పుడు ఎవడో ఒకడు రెండు పట్లు వదిలేసి ఊపిరి పీల్చుకున్నా ఎవరికీ తెలియదు. ఆరుగురైతే ఒకడు ఆగినా బొక్క పడుతుంది. అందుకని ఎవడూ ఆగడు. ఆగకపోతే గంటలో పెదవి పోతుంది.

అందుకే వరుసను ముక్కలు చేశాం. పెద్ద ట్రంపెట్టు, క్లారినెట్ ఒక జట్టు. మిగతా రెండు ట్రంపెట్లు, సాక్సొఫోన్ ఇంకో జట్టు. పల్లవి మొదటి పాదం ఒక జట్టు ఎత్తితే రెండో పాదం రెండో జట్టు అందుకుంటుంది. చరణాలు చెరొకటి. అందరూ కలిసి ఊదేది ఆఖరి పల్లవి ఒక్కటే. యూఫోనియం వరుస ఊదడు. తాళం మొదటి దెబ్బ మీద కింది సా, పా పట్టుకుని రెండు జట్లనూ అతుకుతుంటాడు. ప్రతి రెండు పాటలకూ ఒకసారి వట్టి డ్రమ్ములు, తాసా. ఆ సమయంలో ఊదేవాళ్లు నీళ్లు తాగాలి, పెదవి వదులుగా ఆడించుకోవాలి. సెల్‌ఫోన్ చూడకూడదని కూడా చెప్పాల్సి వచ్చింది.

రెండో మార్పు శ్రుతి. వాళ్ల పాత పాటల్లో ట్రంపెట్ వరుస పై ‘ఏ’ దాకా పోయేది. దాన్ని ఐదు అరస్వరాలు కిందికి దించాం. ఇప్పుడు అన్నిటికంటే పై స్వరం ‘ఈ’. ట్రంపెట్లవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. క్లారినెట్ ఆయనకు మాత్రం చిక్కొచ్చింది. క్లారినెట్ మీద కింది స్థాయి నుంచి పై స్థాయికి దాటే చోట వేళ్లన్నీ ఒక్కసారి మూయాలి, కొత్త శ్రుతిలో వరుస సరిగ్గా అక్కడే అటూ ఇటూ తిరుగుతోంది. కొన్ని పాదాలు ఒక స్థాయి పైకి ఎత్తుకోమన్నాను. ట్రంపెట్ల మీద సన్నగా తేలి అదీ ఒక అందమే అయింది. వీళ్లెవరూ నోట్సు చదవరు. వేళ్ల నంబర్లు, సరిగమలు కలిపి ఒక నోటుబుక్కులో తెలుగులో రాసి ఇచ్చాను. సాక్సొఫోన్ శ్రుతి వేరు కాబట్టి దాని పేజీలు వేరే. వాటిని ఆ కుర్రాడు ఒక్కసారి కూడా తెరవలేదు, విని పట్టేశాడు.

వాటాలు

వైశాఖంలో మెళియాపుట్టి వైపు మొదటి పెళ్లి. పాటలు బాగా సాగాయి. పెద్ద ట్రంపెట్టుకు ఆయాసం రాలేదు. ఊరేగింపు మధ్యలో పెళ్లికూతురి మేనమామ ఒకాయన వచ్చి "డబ్బులందరికీ ఇచ్చాం, సగం మందే ఊదుతున్నారేటి?" అని గదమాయించాడు. అది ఎవరూ పట్టించుకోలేదు. అసలు గొడవ వ్యాను ఎక్కాక మొదలైంది.

డ్రమ్ములవాళ్లలో పెద్దాయన అందరి ముందే అన్నాడు: "మాస్టారూ, ఈలు సగం సేపు ఊరకున్నారు. మా సేతులు ఒక్క సణం ఆగనేదు. వాటా మాత్రం ఆళ్లకే ఎక్కువా?"

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. నేను కట్టిన పద్ధతిలో ఊదేవాళ్లకు దొరికిన విశ్రాంతి అంతా డ్రమ్ముల భుజాల మీద పడింది. ఊదేవాడిది కష్టమైన పని కాబట్టి ఒకటిన్నర వాటా అన్నది పాత లెక్క. ఇప్పుడు ఆ కష్టం తగ్గింది, డ్రమ్ముది పెరిగింది, వాటాలు మాత్రం కదల్లేదు. తర్వాతి పెళ్లికి ఇద్దరు డ్రమ్ములవాళ్లు జ్వరమని రాలేదు. నిజం జ్వరమేమో కనుక్కోలేదు.

సంఘంలో మాటలు రెండు రాత్రులు నడిచాయి. ఊదేవాళ్లలో చిన్నవాళ్లు సమాన వాటాకు ఒప్పుకున్నారు. చిక్కంతా పెద్ద ట్రంపెట్టు దగ్గర. ఆయన తండ్రి కూడా అదే స్థానంలో ఊదినవాడు. రెండు వాటాలు డబ్బు కోసం కాదు, ఆ స్థానానికి గుర్తు. ఊపిరి ఆడని మనిషివి, హాయిగా పెద్ద డ్రమ్ము కొట్టుకోవచ్చు కదా అని ఎవరో మంచికే అన్నారు. ఆయన మొహం మాడిపోయింది. "ఏభై దాటినాక నన్ను డ్రమ్ము కాడికి పంపితే, మా ఇంటి ముందర్నించి ఊరేగింపు ఎలా ఎల్తాది బాబూ?" అన్నాడు నాతో.

చివరికి సంఘం పెద్ద ఒక దారి చూపించారు. ఊదినా, కొట్టినా అందరికీ ఒకే వాటా. ప్రతి పాటా ఎత్తుకునే మొదటి పాదం పెద్ద ట్రంపెట్టుదే, ఆ ఎత్తుబడికి పావు వాటా అదనం. ఇంకో వాటా వాయిద్యాల పేరున పక్కన పెట్టాలి. వాల్వు ఆయిలు, ప్యాడ్లు, డ్రమ్ము తోళ్లు అన్నీ దాంట్లోంచే. మూడోది నాకు బాగా నచ్చింది. రెండేళ్లు వాయిద్యాలు కుళ్లిపోవడానికి మూలం, వాటిని బాగు చేయించే డబ్బు ఎవరి వాటాలోనూ లేకపోవడమే. పెద్ద ట్రంపెట్టు రెండు రోజులు అలిగి, మూడో రోజు సాధనకు వచ్చాడు.

అడ్వాన్సు రసీదు వెనక ఇప్పుడు మూడు షరతులు అచ్చు వేయిస్తున్నారు. ఊరేగింపు గంటన్నర మించకూడదు, మధ్యలో ఒకసారి కూర్చోనివ్వాలి, బ్యాండు వాయిస్తున్నంతసేపు డీజే ఆపాలి. మూడోదాన్ని సగం మంది పాటించరు. డీజే బండి వెనకాల వస్తున్నప్పుడు బ్యాండు దానితో పోటీ పడి గట్టిగా ఊదకూడదని, ఆపేసి నిలబడాలని నేర్పించాను. ఒకచోట అలా నిలబడితే పెళ్లికొడుకు తండ్రే వెళ్లి డీజే ఆపించాడు. ఇంకోచోట ఎవరూ ఆపలేదు, బ్యాండు పక్కకు తప్పుకుని వచ్చేసింది, బాకీ డబ్బు ఇంకా రావాలి.

రథయాత్ర, ఆ తర్వాత

2022 జూలై 1న రథయాత్ర. మన వైపు ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి బ్యాండుకు ఆ నెలలో ఉన్న పెద్ద పని అదొక్కటే, అదీ ఊరి పని, డబ్బు లేని పని. రథం వచ్చే దారికి ఎదురెళ్లి వాయించడం ఈ వీధికి ఎప్పటినుంచో అలవాటు. రెండేళ్ల తర్వాత జనం విరగబడి వచ్చారు. అక్కడ గంటన్నర షరతు ఎవరికి చెబుతాం? జట్ల పద్ధతి మాత్రం తప్పకుండా నడిచింది. ఉక్కపోతకు పెద్ద ట్రంపెట్టు మధ్యలో ఒకసారి పక్కకు వెళ్లి కూర్చున్నాడు. ఆక్సీమీటర్ 96 చూపించింది, ఆయాసం కాదు, చెమటకు నీరసం. అరటిపండు, మజ్జిగ ఇచ్చాక మళ్లీ వచ్చి ఎత్తుబడి అందుకున్నాడు. ఆ కాసేపూ ఎత్తుబడి చిన్న ట్రంపెట్టు చేశాడు. ఆ పావు వాటా ఎవరికన్న ప్రశ్న రాలేదు, ఆ రోజు వాటాలే లేవు కాబట్టి.

తర్వాతి పెళ్లి సీజన్లో ఆ ప్రశ్న వచ్చింది. ఎత్తుబడి చేసిన రోజు పావు వాటా తనదే కదా అన్నాడు చిన్న ట్రంపెట్టు. సంఘం ఇంకా తేల్చలేదు.

అప్పు తీరింది. పొడుగు పట్టు ఇప్పుడు మిగతా అందరికీ ఇరవై సెకన్లు దాటుతోంది, పెద్ద ట్రంపెట్టుకు మాత్రం పన్నెండు దగ్గర ఆగింది, అంతకంటే పెరగదని నా అంచనా. ఖాళీగా ఉన్న రెండు క్లారినెట్లకు ప్యాడ్లు వేయించాం గానీ నేర్చుకునేవాళ్లు లేరు. వీధిలో పిల్లలు డ్రమ్ము అడుగుతున్నారు, క్లారినెట్ ఎవరూ అడగడం లేదు. చెన్నై వెళ్లిన అతను దసరాకు వచ్చినప్పుడు నాలుగు రోజులు ఊది వెళ్లాడు. జట్టులో అతని చోటు ఎక్కడో ఇంకా ఎవరికీ తెలియదు, పాత పాటలు పాత శ్రుతిలోనే ఎత్తుతున్నాడు.